నాలుగో మెట్టుకు రెండు చోట్లు

పెద్దదోర్నాల దాటి నల్లమల ఘాటెక్కి శ్రీశైలం వెళ్లేవారికి స్వయంభువు అన్న మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. ఒకరు చెక్కి నిలిపినది కాదు, తానుగా వెలసినది. 1550లో అళియ రామరాయల ప్రోత్సాహంతో ‘స్వరమేళకళానిధి’ రాసిన రామామాత్యుడు ఈ మాటనే వీణ స్వరాలకు వాడాడు. మెట్లు వైణికుడి ఇష్టాన్నిబట్టి పెట్టేవి కావు, స్వరాల పొత్తే వాటి చోటు తేలుస్తుందన్నది ఆయన వాదం. తంత్రి మోగినప్పుడు వెంట సన్నగా పలికే పై స్వరాల గురించే ఆయన చెప్పాడని కొందరు ఆధునిక విద్వాంసులు అన్నారు. అంత దూరం పోనక్కర్లేదు. సాక్ష్యం వీణ మీదే ఉంది.

ఆయన శుద్ధమేళ వీణకు పై నాలుగు తంత్రులు స, ప, స, మ. మెట్లు ఆరు. షడ్జ తంత్రి మీద ఐదో మెట్టు శుద్ధ మధ్యమం, నిష్పత్తి 4:3. ఇందులో తగవు లేదు. అదే మెట్టు మీద మధ్యమ తంత్రి పలికే నిషాదమే పంచమ తంత్రి మీద మూడో మెట్టుకు రావాలి. కనుక మూడోది కుదిరింది. మూడో మెట్టు మీద మధ్యమ తంత్రి ఇచ్చే ధైవతం పంచమ తంత్రికి ఒకటో మెట్టు. ఒకటో మెట్టు మీద మధ్యమ తంత్రి పలుకు షడ్జ తంత్రికి ఆరో మెట్టు. ఆరో మెట్టు మీద మధ్యమ తంత్రి పలికే నిషాదం పంచమ తంత్రికి నాలుగో మెట్టు. చెవి తప్ప మరో కొలబద్ద లేకుండానే నాలుగో మెట్టు దాకా వచ్చేశాం. అక్కడ షడ్జ తంత్రి పలికేది చ్యుతమధ్యమ గాంధారం, ఇప్పుడు మనం అంతర గాంధారం అనేది. నిష్పత్తి 8192:6561. చూస్తే దిగులు పుట్టించే అంకె. కానీ స్థాయిని 1200 సెంట్లుగా పంచితే అది 384.4 దగ్గర నిలుస్తుంది. చెవికి ఎంతో హాయైన 5:4 గాంధారం చోటు 386.3. రెండు సెంట్ల ఎడం ఎంతటి చెవికైనా కష్టమే.

రామామాత్యుడు శ్రుతులు చెప్పాడే గానీ ఈ నిష్పత్తులు రాయలేదు కదా అంటారు. నిజమే. ఒకే స్వరం రెండు తంత్రుల మీద కలవాలన్నాక, ఎవరు రాసినా రాయకున్నా నిష్పత్తి వచ్చి తీరుతుంది. దీనికన్నా గట్టి అభ్యంతరం రెండో మెట్టు నుంచి వస్తుంది. అది మధ్యమ తంత్రి మీద పంచమం, అంటే 9:8. అదే మెట్టు మీద పంచమ తంత్రి పలికే శుద్ధ నిషాదం (ఇప్పుడు మనం చతుశ్రుతి ధైవతం అనేది) మధ్యమ తంత్రికి నాలుగో మెట్టు మీద కలవాలంటే ఆ మెట్టు 81:64కి, 408 సెంట్లకు జరగాలి. ఎడం ఇరవైమూడున్నర సెంట్లు. ఒక మెట్టు రెండు చోట్ల నిలవదు. నేను కింది చోటునే సమర్థిస్తాను. రామామాత్యుడు అంతర గాంధారానికి విడిగా మెట్టు ఇవ్వకుండా చ్యుతమధ్యమ గాంధారాన్నే దానికి ప్రతినిధిగా చాలన్నాడు. అలా కలిపితే ఆయన 20 మేళాలు 15కు తగ్గుతాయి. పాత లెక్కలో అంతర గాంధారం ఒక శ్రుతి కిందిది. తంత్రిని పక్కకు లాగితే స్వరం పైకి పోతుందే గానీ కిందికి రాదు. కింద నిలిపిన మెట్టు రెండు గాంధారాలకూ పనికొస్తుంది, పైన నిలిపింది ఒక్కదానికే. ఇక మధ్యమ తంత్రి మీద ఆ శుద్ధ నిషాదం ఆ మేరకు దిగుతుంది. దాన్ని ఒక స్థాయి కింద పంచమ తంత్రి రెండో మెట్టు మీద నిక్కచ్చిగా పలికించుకోవచ్చు.