కత్తి నుండి కాంతి వరకు

వార్ధక్యమున పురుషులను వేధించు బాధలలో మూత్రావరోధ మొకటి. మూత్రాశయమునకు దిగువనుండు ప్రోస్టేటు గ్రంథి వయస్సుతో పెరిగి మూత్రమార్గమును అదుముట దీనికి సామాన్య కారణము. ఈ పెరుగుదల క్యాన్సరు కాదు. అయినను ధార సన్నగిల్లును. రాత్రివేళ పలుమార్లు నిద్ర లేవవలసి వచ్చును. ఒక్కొక్కప్పుడు మూత్రము పూర్తిగా బంధించును. పందొమ్మిదవ శతాబ్దమున ఇట్టి వృద్ధునకు గొట్టమే గతి. దానిని ప్రతిదినము తానే చొప్పించుకొనుచు కాలము గడుపవలసి యుండెడిది. గొట్టము వెంట ప్రవేశించిన క్రిములు పెక్కుమంది ప్రాణములను హరించెను.

ఈ దుస్థితిని మార్చినవారిలో మన దేశమున పనిచేసిన వైద్యుడొకడు కలడు. ఐర్లండులో జన్మించిన పీటరు ఫ్రేయరు ఇండియన్ మెడికల్ సర్వీసులో సుమారు ఇరువది సంవత్సరములుండి, మూత్రాశయపు రాళ్లను తొలగించుటలో ప్రసిద్ధి గాంచెను. పిమ్మట లండనులోని సెయింట్ పీటర్స్ ఆసుపత్రిలో 1900వ సంవత్సరమున పొత్తికడుపును, మూత్రాశయమును కోసి, పెరిగిన గ్రంథిని వ్రేలితో పెకలించి తీసెను. న్యూయార్కులో యూజీన్ ఫుల్లరు అంతకు మునుపే ఇట్టి శస్త్రచికిత్స చేసియుండెను. దానిని లోకవ్యాప్తము చేసినవాడు ఫ్రేయరు. 1945లో టెరెన్స్ మిల్లిన్ మూత్రాశయమును కోయకయే గ్రంథిని చేరు విధానమును ప్రకటించెను. అయినను కడుపుపై కోత తప్పలేదు.

ఆ కోతను తప్పించు యత్నము వేరొకవైపు సాగుచుండెను. 1926లో అమెరికాలో మాక్సిమిలియన్ స్టెర్న్ మూత్రమార్గము గుండనే లోనికి పోయి, విద్యుత్తుతో గ్రంథిని తొలుచు పరికరమును రూపొందించెను. క్రమముగా మెరుగుపడిన ఈ పద్ధతి బహుకాలము ప్రామాణికమై నిలిచెను. కాని రక్తస్రావభయమును, కొన్నిదినముల ఆసుపత్రివాసమును మిగిలియుండెను.

1960లో అమెరికాలోనే థియొడోర్ మైమన్ తొలి లేసరును వెలిగించెను. 1990 దశకమున న్యూజిలాండు వైద్యుడు పీటర్ గిల్లింగ్ హోల్మియం లేసరుతో, పెరిగిన భాగమును గ్రంథి పైపొర నుండి వేరుచేయు పద్ధతిని నెలకొల్పెను. నాడు ఫ్రేయరు వ్రేలు చేసిన పనినే నేడు కాంతి చేయుచున్నది! మరియొక విధమైన ఆకుపచ్చని లేసరును రక్తమునందలి హీమోగ్లోబిన్ గ్రహించును. ఆ వేడిమికి పెరిగిన భాగము ఆవిరియగును, రక్తనాళములు మూసుకొనును. రక్తస్రావము తగ్గుటచే, తగిన రోగులు ఆనాడే ఇల్లు చేరగలుగుచున్నారు. ఇది అందరికిని తగదు. గ్రంథి పరిమాణమును, హృద్రోగాదులను విచారించియే వైద్యులు నిర్ణయింతురు.

శాస్త్రము ఇంత దూరము నడచినను, సిగ్గుచే బాధను దాచుకొను వృద్ధులు నేటికిని కలరు. నిలిచిన మూత్రము కాలక్రమమున మూత్రపిండములనే చెరచును. ఆ మౌనమును తొలగించుట ఏ కాంతికిని సాధ్యము కాదు. అది ఇంటివారి ఆదరముతో అడిగిన ఒక్క మాటకే సాధ్యము.