పేదలకు మందులు – నాటి సేవ, నేటి బాధ్యత

మన డయాసిస్ శతజయంతి జరుపుకొంటున్న ఈ శుభసమయమున, పూర్వులు కట్టించిన దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను స్మరించుకొనుట న్యాయమే. అయితే ఆసుపత్రి కట్టుట ఒక సేవ. అక్కడ వ్రాసి ఇచ్చిన మందు పేదవాని ఇంటికి చేరేటట్లు చూచుట మరియొక సేవ. ఈ రెండవ దానిని గురించి మన చరిత్రలలో తక్కువగా వ్రాయబడినది. క్రోసూరు ప్రాంతపు సంఘ సభ్యునిగా దానిని గురించి నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

మంచి సమరయుని ఉపమానము మనకందరకు కంఠస్థమే. గాయములకు కట్టు కట్టి, సత్రమునకు చేర్చుటతో అతని పని ముగియలేదు. సత్రపు యజమానికి రొక్కము చెల్లించి, పైబడిన ఖర్చుకు కూడ తానే పూచీపడ్డాడు. కట్టు కట్టిన చేతిని మనము జ్ఞాపకముంచుకొన్నాము గాని, ఆ తరువాతి ఖర్చును మరచుచున్నాము.

మన ప్రాంతములో క్రైస్తవ వైద్యసేవకు మొదటి తరమువారు లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యరు గారు. ఆయన 1842 జూలై 31న గుంటూరు చేరారు. తరువాత అమెరికా వెళ్లి, యాభై ఏండ్లు దాటిన వయసులో బాల్టిమోరు నగరమున వైద్యము చదివి, 1847లో పట్టము పొందారు. మరల వచ్చి 1849లో గురజాలలో నివాసమేర్పరచుకొన్నారు. ఆ వయసులో తిరిగి విద్యార్థి అగుట సామాన్యమైన విషయము కాదు.

1883లో డాక్టరు అన్నా సారా కూగ్లర్ అమ్మగారు గుంటూరు వచ్చారు. ఆమెను పంపినవారు మొదట ఆమెకు వైద్యము కాక, జెనానా స్త్రీల మధ్య బోధనే అప్పగించారు. కాని ఇంటింట రోగులు కనబడగా ఆమె ఊరకుండలేకపోయారు. 1885లో ఆమెను వైద్య మిషనరీగా గుర్తించారు. 1898లో స్త్రీలకు, పిల్లలకు గుంటూరులో ఆసుపత్రి తెరచారు. ఏలూరు జమీందారుగారు ఆ ఆసుపత్రి ఎదుట రోగుల బంధువులకు సత్రము కట్టించారు. రోగముతో పాటు రోగి కుటుంబమునకు ఎంత ఖర్చు వచ్చిపడునో గ్రహించిన దాతృత్వమిది. అమ్మగారు 1930లో గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు.

ఆనాడు క్రోసూరు సత్తెనపల్లి తాలూకాలోని గ్రామము. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో నేడు మండల కేంద్రమైనది. పరిపాలన మారినట్లే రోగములు కూడ మారినవి. ఆనాటి జ్వరమునకు కాంపౌండరు కలిపి ఇచ్చిన సీసా మందు నాలుగు దినములు త్రాగితే సరిపోయేది. నేటి రక్తపోటుకు, షుగరుకు, మూర్ఛకు మాత్ర ఏండ్ల తరబడి వేసుకొనవలెను. ఒక్కసారి జరిగే దానము ఇందుకు చాలదు.

ఈ పాఠమును క్షయవ్యాధి మనకు ముందే నేర్పినది. 1915లో మిషనులు కలిసి మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము శానిటోరియము తెరచాయి. రోగికి మంచి గాలి, మంచి ఆహారము, మంచము ప్రధానమని ఆనాటి వైద్యము. 1959లో మద్రాసు పరిశోధకులు, మందు క్రమముగా అందినట్లయితే ఇంటివద్దనే ఉన్న రోగి కూడ శానిటోరియములోని రోగితో సమానముగా కోలుకొనునని నిరూపించారు. అనగా మంచము కంటె మాత్ర ఆగకుండుట ముఖ్యము. నేడు ప్రభుత్వము క్షయ మందులు ఉచితముగా ఇచ్చుచున్నది. పోషణ నిమిత్తము 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు ఇచ్చుచున్నది.

తక్కిన రోగముల విషయములో సహాయము ఉన్నది గాని, చెదిరి ఉన్నది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, నేటి ఎన్.టి.ఆర్. వైద్యసేవ, ముఖ్యముగా ఆసుపత్రి చికిత్స కొరకు ఏర్పడినది. ఇంటికి వచ్చిన తరువాతి మందులు కొన్ని చికిత్సలకు మాత్రమే, కొంతకాలము లభించును. బి.పి., షుగరు మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలోను, గ్రామములకు వచ్చు 104 వాహనములలోను ఉచితము. వైద్యుడే గ్రామమునకు వచ్చు ఫ్యామిలీ డాక్టరు పద్ధతి 2023 ఏప్రిల్ 6న మన జిల్లాలోని లింగంగుంట్లలోనే ఆరంభమైనది. కొనవలసిన మందులకు 2008లో మొదలైన జన ఔషధి దుకాణములున్నవి. అక్కడ కంపెనీ పేరుతో కాక, మందు అసలు పేరుతో తక్కువ ధరకు ఇస్తారు.

ఇన్ని ఉండగా లోపమెక్కడ? మా సంఘములో పత్తి తీతకు, మిరప కోతకు పోయి బ్రతుకు ఒక వితంతు సహోదరి ఉన్నారు. కూలి లేని నెలలలో ఆమె బి.పి. మాత్ర దినము విడిచి దినము వేసుకొనుచుండిరి. అదే మాత్ర ఉచితముగా దొరకునని ఆమెకెవరూ చెప్పలేదు. ప్రతి ఆదివారము ఆమె ఆరోగ్యము కొరకు ప్రార్థించాము గాని, మాలో ఒక్కరమైనను ఆమె మందుచీటీ అడిగి చూడలేదు. నేనును చూడలేదు. ఒకనాడు ఆమె ఆరాధనలోనే పడిపోయిన తరువాత గాని మాకు తెలివి రాలేదు. దేవుని కృపవలన ఆమె బ్రతికి, నేడు నెలనెలా ఆరోగ్య కేంద్రము నుండి మాత్రలు తెచ్చుకొనుచున్నారు.

కనుక ప్రతి సంఘములో ఒక పుస్తకము పెట్టుకొందము. ఎవరు ఏ మందు వాడుచున్నారు, అది ఎప్పుడు అయిపోవును అన్నది, వారి అనుమతితో, ఒక నమ్మకమైన సహోదరి వ్రాసి గోప్యముగా ఉంచవలెను. ఆశా కార్యకర్తను అడిగి 104 వచ్చు దినమును ఆరాధనలో ప్రకటించవలెను. చదువు వచ్చిన యౌవనులు ముసలివారి వెంట వెళ్లి, మందు అసలు పేరు వ్రాయమని డాక్టరుగారిని అడుగవచ్చును. డాక్టరు మాట లేకుండ మందు మార్చరాదు, మానరాదు. ఎక్కడను ఉచితముగా దొరకని మందుకే సంఘ నిధి వాడవలెను. మన స్త్రీల సమాజము పిడికెడు బియ్యముతో ఎన్ని పనులు నెరవేర్చలేదు! ఆ పిడికెడులో ఒక పాలు ఇందుకు కేటాయించిన చాలును.

కూగ్లర్ అమ్మగారి వంటి ఆసుపత్రి కట్టుట మనకు సాధ్యము కాకపోవచ్చును. పొరుగువాని మందుచీటీ అడిగి చూచుట మనలో ప్రతివారికి సాధ్యమే. రాబోవు నూరేండ్లకు ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక.