తిన్న రొట్టె ఎవరిది?

తెలుగు బైబిల్లో ‘గృహనిర్వాహకుడు’ అనే మాట ఉంది. ఇల్లు అతనిది కాదు, తాళాలు మాత్రం అతని దగ్గరుంటాయి. అంతా దేవుడిదే, మనం చూసుకునేవాళ్లమే అని ఆదివారం ప్రసంగంలో వినడం తేలిక. దాన్ని అక్షరాలా పాటిస్తే ఏమవుతుందో తెలియాలంటే ఫ్రాన్సిస్కన్ల కథ చదవాలి.

అస్సీసీ ఫ్రాన్సిస్ తన సోదరులతో ఇల్లు, స్థలం, ఏదీ సొంతం చేసుకోవద్దన్నాడు. 1226లో ఆయన పోయాక మఠాలు, పుస్తకాలు పెరిగాయి. ఇవన్నీ ఎవరివి? 1230లో పోప్ తొమ్మిదో గ్రెగరీ వాడకం వేరు, యాజమాన్యం వేరన్నాడు. 1245లో నాలుగో ఇన్నోసెంట్ ఆ యాజమాన్యాన్ని పోప్ పీఠం పేర పెట్టాడు. సన్యాసి ఒంటిమీది అంగీ కూడా కాగితం మీద రోముదే! చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కి సాఫ్ట్‌వేర్ వాడుకునే మనకు ఇది మరీ వింతేం కాదు.

ఇరవైరెండో జాన్‌కు ఇది నచ్చలేదు. ఆయన న్యాయశాస్త్రం చదువుకున్నవాడు. 1322లో ఆయన చేసిన వాదం, నా మాటల్లో: ఎరువు తెచ్చుకున్న గుర్రాన్ని తిరిగివ్వొచ్చు, తినేసిన రొట్టెను ఎలా ఇస్తారు? పైసా రాని యాజమాన్యం పేరుకే కదా, నాకొద్దు. మరుసటి ఏడాది ఇంకో అడుగు వేసి, క్రీస్తుకూ అపొస్తలులకూ ఏ ఆస్తీ లేదని పట్టుబట్టడం మతద్రోహమన్నాడు. యూదా దగ్గరున్న డబ్బు సంచి మీద ఎంత చర్చ జరిగిందో!

సంఘ పెద్ద మైఖేల్ ఆఫ్ చెసేనా, తత్వవేత్త విలియం ఆఫ్ ఓకమ్ 1328 మే నెలలో అవిన్యోన్ నుంచి పారిపోయారు. ఓకమ్ జవాబు నాకు గట్టిగా తగిలింది. హక్కంటే దానికోసం కోర్టుకెళ్లగలగడం. అనుమతి అలా కాదు, ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. పెళ్లి బంతిలో కూర్చున్నవాడు కడుపునిండా తింటాడు. అంతమాత్రాన విస్తరి తీసుకెళ్లి బజార్లో అమ్ముకోలేడు, లేవమంటే దావా వెయ్యలేడు. వీసా మీద బతికేవాణ్ణి కాబట్టి ఈ తేడా నాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

అయినా జాన్ ప్రశ్న పూర్తిగా కొట్టిపారేసేది కాదు. గృహనిర్వాహకుణ్ణి లెక్క అడిగే యజమాని ఉంటాడు. ఈ సోదరుల్ని రొట్టె లెక్క అడిగిందెవరు? అడగని యజమాని చాటున ఎంత పెద్ద మఠమైనా కట్టుకోవచ్చు. కొందరు కట్టుకున్నారు కూడా. దానిమీద సంఘంలోనే కొట్లాటలయ్యాయి.

ఓకమ్ మళ్లీ అవిన్యోన్‌కు వెళ్లలేదు. చక్రవర్తి లూయీ నీడన మ్యూనిక్‌లో ఉండి, పోప్ వాదాన్ని వాక్యం వాక్యంగా విడదీస్తూ పెద్ద గ్రంథం రాశాడు. దాని పేరు ‘తొంభై రోజుల పని’.