పంతులమ్మకూ తోడు కావాలి



పాలు ఎంత చిక్కటివైనా తోడు వెయ్యందే పెరుగు కావు. ఇంట్లో తోడు లేని రోజున చిన్న గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్తాం. వాళ్ళకి లేనినాడు మన ఇంటికొస్తారు. చదువు చెప్పే విద్య కూడా ఇలాగే ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చింది. మన పిల్లలు నర్సరీలో పూసలు లెక్కపెట్టి అంకెలు నేర్చుకుంటున్నారన్నా, వీధి చివర అంగన్‌వాడీలో టీచరమ్మ చేతులు తిప్పుతూ పాట పాడిస్తోందన్నా, దాని వెనుక వందేళ్ళు దాటిన కథ ఉంది. అందులో ఒక డాక్టరమ్మ, ఒక ప్లీడరు గారు, భర్తకు దూరమై బిడ్డతో నిలబడ్డ ఒక తల్లి, పదమూడేళ్ళకే పెళ్ళయి ఆర్నెల్లకే పసుపుకుంకుమలు పోగొట్టుకున్న ఒక ఆడపిల్ల ఉన్నారు. ఆ నలుగురి గురించీ ఈ పూట చెప్పుకుందాం.

డాక్టరమ్మ పేరు మరియా మాంటిస్సోరి. ఇటలీ దేశస్థురాలు. ఆడపిల్లలు వైద్యం చదవడమే వింతగా ఉన్న రోజుల్లో, 1896లో రోము నగరంలో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. మొదట బుద్ధిమాంద్యం గల పిల్లలకు చికిత్స చేసేవారు. వాళ్ళకి మందుల కన్నా చదువు చెప్పే తీరు ముఖ్యమని ఆవిడకి తోచింది. మరి ఎలా చెప్పాలి? ఇటార్, సెగ్విన్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు అంతకు ముందే అలాంటి పిల్లలతో పనిచేసి పుస్తకాలు రాశారు. మాంటిస్సోరి వాటిని ఇటాలియన్ భాషలోకి తన చేత్తో రాసుకుంటూ చదివారు. రాస్తే ఒక్కొక్క మాటా మనసుకు పడుతుందని ఆవిడ నమ్మకం. అంటే అంతటి ఆవిడా మొదట తోడు పుచ్చుకునే మొదలుపెట్టారన్నమాట.

1907 జనవరి 6న రోములో శాన్ లోరెంజో అనే పేదల పేటలో ఆవిడ చేతుల మీదుగా ఒక చిన్న బడి మొదలైంది. తల్లిదండ్రులు కూలికి పోతే పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని, ఇళ్ళ యజమానులే ఈ ఏర్పాటుకి ముందుకొచ్చారు. దానికి పెట్టిన పేరు ‘పిల్లల ఇల్లు’. అక్కడ పిల్లల ఎత్తుకి తగ్గ చిన్న కుర్చీలు, చిన్న బల్లలు, చేత్తో తడిమి నేర్చుకునే గరుకు అక్షరాలు, ఒకదానిలో ఒకటి అమరే కొయ్య దిమ్మలు ఉండేవి. కొట్టడం లేదు, బహుమతులతో ఆశ పెట్టడమూ లేదు. బొత్తాము పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం, బల్ల తుడవడం కూడా అక్కడ చదువే. ఈ బడి సంగతి కొద్ది ఏళ్ళలోనే దేశదేశాలకీ పాకింది.

ఇక ప్లీడరు గారి సంగతి. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని ఒకాయన, 1885లో పుట్టారు. కోర్టులో మంచి ప్రాక్టీసు ఉండేది. 1913లో కొడుకు పుట్టాడు. వీణ్ణి ఎలా పెంచాలి, ఏ బడికి పంపాలి అని ఆయనకి బెంగ పట్టుకుంది. మనందరికీ పట్టుకునేదే! ఆ బెంగలో ఉండగా మాంటిస్సోరి పద్ధతిని గురించిన పుస్తకం చేతికొచ్చింది. చదివారు, మళ్ళీ చదివారు. 1916లో ప్లీడరీకి స్వస్తి చెప్పి భావనగర్‌లో దక్షిణామూర్తి అనే విద్యాసంస్థలో చేరారు. 1920లో అక్కడే పసిపిల్లల కోసం బాలమందిరం తెరిచారు.

పద్ధతి ఇటలీదే అయినా ఆయన దాన్ని ఉన్నదున్నట్టు దించలేదు. మన పిల్లలకి కథలు ప్రాణం కనుక కథల్ని చదువులో ముందు వరసలో కూర్చోబెట్టారు. జానపద గీతాలు, నాటకాలు, తోటపని, షికార్లు చేర్చారు. పిల్లల్ని అంతగా సాకినందుకు జనం ఆయనకి ‘మూఛాళీ మా’ అని పేరు పెట్టారు. అంటే మీసాలున్న అమ్మ! ఆయన రాసిన ‘దివాస్వప్న’ అనే పుస్తకం ‘పగటికల’ పేరుతో మన తెలుగులోకీ వచ్చింది. నాలుగో తరగతిని ఒక్క ఏడాది తన చేతికిస్తే చాలని అధికారిని ఒప్పించుకున్న మాస్టారి కథ అది. ఆ క్లాసు అల్లరి బెత్తంతో అణగలేదు, ఆయన చెప్పిన కథకి అణిగింది.

ఇక్కడొక చిక్కు వచ్చింది. ఒక్క ఊళ్ళో ఒక్క మంచి బడి ఉంటే ఆ ఊరి పిల్లలకే కదా లాభం? వేరే ఊళ్ళో ఏ పంతులో ఇలా చెబుదామని మొదలుపెడితే, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వితే, నాలుగు రోజులకి ఆయనా పాత బెత్తమే పట్టుకుంటాడు. ఈ సంగతి గిజుభాయికి బాగా అర్థమైంది. అందుకే భావనగర్‌లో టీచర్లకు శిక్షణ మొదలుపెట్టారు. 1926లో నూతన బాల శిక్షణ సంఘం ఏర్పడింది. ‘శిక్షణ పత్రిక’ అనే పత్రిక నడిచింది. ఏ మారుమూల ఊళ్ళోనో ఒంటరిగా పాఠం చెప్పుకునే టీచరు ఇంటికి ఆ పత్రిక వెళ్ళేది. నాలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారు అన్న ధైర్యం ఎంతటిదో అత్తవారింట్లో కొత్తగా అడుగుపెట్టిన ఆడపిల్లని అడిగితే చెబుతుంది.

ఈ పనులన్నిటిలో ఆయనకి కుడిభుజంగా నిలిచిన తల్లి తారాబాయి మోదక్. 1892లో బొంబాయిలో పుట్టి, 1914లోనే బి.ఏ. ప్యాసైన ఇల్లాలు. సంసారం నిలవలేదు. చిన్న కూతురితో బయటికొచ్చారు. రాజకోటలో ఆడవాళ్ళ ట్రైనింగు కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ రోజుల్లో ఒక భారతీయ స్త్రీకి అది చిన్న పదవి కాదు. అలాంటి ఉద్యోగం వదులుకుని ఆవిడ భావనగర్ బాలమందిరానికి వచ్చేశారు. పత్రికని మరాఠీలో నడిపే భారం కూడా తర్వాత ఆవిడే తలకెత్తుకున్నారు.

1939 జూన్‌లో గిజుభాయి కన్నుమూశారు. ఎవరి పుస్తకం చదివి ఆయన ప్లీడరీ మానేశారో ఆ మాంటిస్సోరి గారు అదే ఏడాది చివర మద్రాసులో దిగారు! అడయారు దివ్యజ్ఞాన సమాజం వారు, అంటే జార్జి అరుండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి ఆహ్వానిస్తే వచ్చారు. తాటాకు పాకలు వేసి క్లాసులు పెడితే మొదటి శిక్షణకే దేశం నలుమూలల నుంచి సుమారు 300 మంది వచ్చారు. 1940లో ఇటలీ యుద్ధంలో దిగడంతో ప్రభుత్వం ఆవిణ్ణి శత్రుదేశపు మనిషిగా లెక్కగట్టింది. కొడుకు మారియోని నిర్బంధంలో పెట్టింది. ఆగస్టు 31న ఆవిడ డెబ్భైయో పుట్టినరోజు. దానికి కానుకగా కొడుకుని విడిచిపెట్టారు. ఆ నిర్బంధపు రోజుల్లో కూడా ఆవిడ ఊరుకోలేదు. అడయారులో, కొడైకెనాల్‌లో పాఠాలు సాగుతూనే ఉన్నాయి. ఆవిడ ఇక్కడ ఉన్న కాలంలో వెయ్యిమందికి పైగా టీచర్లు తయారయ్యారు. ఆ పేరు తెలుగునాట కూడా నాటుకుంది. వేగే కోటేశ్వరమ్మ గారు 1955లో విజయవాడలో పెట్టిన బడికి మాంటిస్సోరి పేరే పెట్టుకున్నారు.

అయితే ఈ చదువుకి ఒక నింద మాత్రం తప్పలేదు. ఇది ఉన్నవాళ్ళ పిల్లల చదువు, ఆ కొయ్య సామాను కొనాలంటే ఎంత డబ్బు కావాలి అన్నారు జనం. ఆ మాట తారాబాయి మనసులో ముల్లులా దిగింది. 1945లో, యాభై దాటిన వయసులో, బొంబాయి వదిలి బోర్డీ అనే సముద్రపు ఒడ్డు పల్లెకి వెళ్ళారు. ఆవిడతో వెళ్ళిన అమ్మాయి అనూతాయి వాఘ్. తాయి అంటే మరాఠీలో అక్క. నేను మొదట చెప్పిన ఆ ఆడపిల్ల ఈవిడే. 1910లో పుట్టారు. వైధవ్యం వచ్చాక మళ్ళీ చదువుకున్నారు. పల్లెబడిలో పంతులమ్మ అయ్యారు. తర్వాత పుణెలో పాఠాలు చెబుతూనే మెట్రిక్ ప్యాసయ్యారు.

బోర్డీలో బడి తెరిస్తే పేటల్లోని పేద పిల్లలు రాలేదు. ఎందుకొస్తారు? పెద్దపిల్ల చంకలో చంటిపిల్ల, మగపిల్లాడి వెనక మేకలు. బడి గంట కొట్టి ఎదురుచూస్తే లాభం లేదని తేలిపోయింది. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరికి వెళ్తుందని ఇద్దరూ బయలుదేరారు. పేట మధ్యలో ఒక ఇంటి వాకిలి ఊడ్చి, అక్కడే పిల్లల్ని పోగుచేశారు. మొదటి పాఠం స్నానం, తల దువ్వడం. ఇటలీ కొయ్య సామానుకి బదులు గవ్వలు, గింజలు, గులకరాళ్ళు, ఆకులు, పువ్వులు వచ్చాయి. లెక్కకి గింజలు, రంగులకి పువ్వులు, చిన్నా పెద్దా చెప్పడానికి రాళ్ళు. పైసా ఖర్చు లేదు. అంగణం అంటే వాకిలి. ఆ వాకిలి బడే అంగన్‌వాడీ అయింది.

తర్వాత వాళ్ళు కోస్‌బాడ్ కొండ మీదికి, వార్లీ గిరిజనుల మధ్యకి మకాం మార్చారు. పశువులు కాసే పిల్లల కోసం బడి పచ్చికబీటికే నడిచింది. అక్కడా టీచర్లకు శిక్షణ ఇచ్చారు. 1973లో తారాబాయి పోయాక అనూతాయి ఆ కొండ మీదే ఉండి, 1992లో కన్నుమూసేదాకా ఆ పని సాగించారు. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభించినప్పుడు ఊరూరి కేంద్రానికీ అంగన్‌వాడీ అన్న పేరే వచ్చింది.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఆ నలుగురిలో ఎవరూ ఒంటరిగా సాధించలేదని గమనించారు కదా. డాక్టరమ్మకి పాత వైద్యుల పుస్తకాలు, ప్లీడరుకి డాక్టరమ్మ పుస్తకం, తారాబాయికి ప్లీడరు బడి, అనూతాయికి తారాబాయి చెయ్యి దొరికాయి. ఎక్కడ ఈ గొలుసు తెగితే అక్కడ టీచరు ఎండిపోతుంది. మన వీధి అంగన్‌వాడీ టీచరమ్మని చూడండి. పసిపిల్లల బరువులు చూడాలి, వండించాలి, వడ్డించాలి, లెక్కలు రాయాలి. నెలకోసారి తోటి టీచర్లను కలిసే మీటింగులో కూడా రిజిస్టర్ల గొడవే అయితే, కొత్త పాట, కొత్త కథ ఆవిడకి ఎక్కణ్ణించి వస్తాయి? ప్రైవేటు నర్సరీలో కుర్ర టీచరు పరిస్థితీ అంతే. పైగా మనం వెళ్ళి, “మా వాడి చేత ఇంకా నాలుగు పేజీలు రాయించడం లేదేమండీ?” అని నిలదీస్తాం. మూడేళ్ళ పసివాడు వేళ్ళు నొప్పెట్టేలా రాస్తుంటే మనకి తృప్తి!

ఈసారి బడికి వెళ్ళినప్పుడు ఆ ప్రశ్న పక్కనపెట్టి, “తోటి టీచర్లతో కూర్చుని పాఠాల గురించి మాట్లాడుకునే వీలుందా అమ్మా మీకు?” అని అడగండి. లేదంటే, ఆ వీలు కల్పించమని యాజమాన్యాన్ని తల్లులమే అడుగుదాం. ఇవాళ చేతిలో ఫోను ఉంది, ఒక ఊరి టీచరు కట్టిన పాట మరో ఊరికి నిమిషంలో వెళ్తుంది. కాని దాన్ని విని, తన పిల్లలకి సరిపోయేలా మార్చుకోవడానికి ఆ మనిషికి ఓ గంట తీరిక కావాలి. మనలో కథలు వచ్చినవాళ్ళు, పాటలు వచ్చినవాళ్ళు, బొమ్మలు కుట్టడం వచ్చినవాళ్ళు ఎంతమంది లేరు? వారానికొక పూట పక్క అంగన్‌వాడీకి వెళ్ళి కూర్చుంటే, ఆ తీరిక కొంతైనా మనమే ఇచ్చినవాళ్ళమవుతాం. చింతగింజలూ గవ్వలూ ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఓ గుప్పెడు పట్టుకెళ్ళండి.