గుంటూరు, ప్రకాశం మైదానాల విదేశీ వాణిజ్యం

కృష్ణా నదికి దక్షిణాన, కొండలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న నల్లరేగడి చేలలోనూ తీరపు ఊళ్లలోనూ తయారైన సరుకులు సముద్రం దాటి అమ్ముడైన చరిత్ర ఈ వ్యాస విషయం. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత ఈ ప్రాంతం ముఖ్యంగా గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల కింద ఉంది. ఎగుమతుల్లో మొదట వస్త్రం, తరువాత పత్తి, పొగాకు, మిరప వరుసగా పైచేయి సాధించాయి. నేల మారలేదు. సుంకాలు, ఒప్పందాలు, కొనుగోలు దేశాల నిబంధనలు మారినప్పుడల్లా పంట మారింది.

మోటుపల్లి

నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని మోటుపల్లి కాకతీయుల కాలంలో ప్రధానమైన రేవు. దీనికి దేశుయ్యక్కొండ పట్టణమని మరో పేరు. ఇక్కడి వీరభద్రాలయంలో కాకతి గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో (క్రీ.శ. 1244) వేయించిన అభయ శాసనం ఆంధ్రదేశ వాణిజ్య విధానానికి సంబంధించి మొదట చెప్పుకోదగిన పత్రం. అంతకు ముందు తుపాను దెబ్బకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొత్తం రాజులు స్వాధీనం చేసుకొనేవారని, ప్రాణం కన్న ధనం గొప్పదని నమ్మి సముద్రం మీదికి వచ్చేవారి మీద దయతో తాను నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నానని రాజు అందులో ప్రకటించాడు. ఎగుమతి, దిగుమతి సరుకుల మీద ముప్పయ్యో వంతు సుంకం. ఆపైన గంధం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, తుత్తునాగం, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకలకు విడివిడిగా రేట్లు చెక్కించాడు. వర్తకుడు ఓడ ఎక్కే ముందే తన ఖర్చు లెక్క వేసుకోగలిగేలా రాజు మాట ఇవ్వడం ఆ కాలానికి అరుదైన దూరదృష్టి. జాబితాలో కారానికి మిరియమే ఉంది. మిరపకాయ అప్పటికి అమెరికా ఖండాలు దాటి రాలేదు.

మార్కో పోలో ఈ రాజ్యాన్ని ‘ముత్ఫిలి’గా వర్ణించాడు. వజ్రాలను, సాలెగూడు దారాలంత సన్నని వస్త్రాలను మెచ్చుకొన్నాడు. ఏలుతున్న రాణిని గతించిన రాజు భార్యగా రాశాడు. కానీ ఆ రాణి రుద్రమదేవి గణపతిదేవుని భార్య కాదు, కూతురు. కాకతీయులు పోయాక రేవు దెబ్బతింది. కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి శక 1280లో (క్రీ.శ. 1358) మరో శాసనంతో వర్తకులను తిరిగి పిలిచాడు. వచ్చి స్థిరపడేవారికి భూములిస్తామని, వెళ్లదలచినవారిని ఆపబోమని, సరుకు ఇష్టమైనవారికి అమ్ముకోవచ్చని హామీ ఇచ్చాడు. ఆ రాజ్యపు వాణిజ్య విస్తృతి తెలుసుకోవడానికి శ్రీనాథుని హరవిలాసం పనికొస్తుంది. కొండవీటి రాజు కుమారగిరిరెడ్డికి సుగంధద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి అంకితమైన ఆ కావ్యంలో సింహళం, హురుముంజి, గోవా, చీనాల సరుకుల ప్రస్తావన ఉంది. విజయనగర, గజపతుల కాలంలో మోటుపల్లి క్రమంగా వెనుకబడింది.

కంపెనీల కాలం

యూరపు రికార్డులలో పెటపోలీగా కనిపించే నిజాంపట్నంలో డచ్చివారు 1606లో, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో ‘గ్లోబ్’ ఓడ రాకతో వర్తక స్థావరాలు పెట్టారు. చిరివేరుతో ఎర్రరంగు అద్దిన బట్టలు వారికి కావాలి. వాటికి బదులుగా వెండి వచ్చేది. సొంత వెండి తరలిపోవడమే నష్టమని నమ్మే మెర్కంటిలిస్టు వాదం, తమ నేతగాళ్ల అలజడి కలిసి ఇంగ్లండులో ఇలాంటి అద్దకపు బట్టల మీద 1700, 1721 నిషేధ చట్టాలకు దారితీశాయి. అయినా చీరాల నూనె రుమాళ్లు అరబ్బు దేశాల మార్కెట్లను 20వ శతాబ్దం దాకా నిలుపుకొన్నాయి.

గుంటూరు సర్కారు 1788లో కంపెనీ ఏలుబడిలోకి వచ్చింది. 1832–33 కరువు ఈ జిల్లాను ఊడ్చేసింది. అమెరికా అంతర్యుద్ధంతో (1861–65) లివర్‌పూల్‌కు పత్తి కరవై, ఇక్కడి పొట్టిపింజ ‘కొకనాడ’ పత్తికి కొద్దికాలం మంచి ధర పలికింది.

పొగాకు

ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ 1912లో ఏర్పడింది. గుంటూరు నల్లరేగడిలో వర్జీనియా పొగాకు సాగు 1920లో మొదలైంది. దానికి ఒక్క ఏడాది ముందు, 1919లో, బ్రిటన్ సామ్రాజ్య దేశాల పొగాకు మీద సుంకాన్ని ఆరో వంతు తగ్గించింది. 1925లో ఆ రాయితీ పెంచింది. ఎవరికి ఏది తక్కువ ఖర్చులో వస్తే అదే పండించి మిగతావి కొనుక్కోవాలని డేవిడ్ రికార్డో 1817లో చెప్పిన తులనాత్మక ప్రయోజన సిద్ధాంతం ఇక్కడ సగమే వర్తిస్తుంది. ఆ నేల అంతకు ముందూ ఉంది, రైతూ ఉన్నాడు. కొత్తగా వచ్చింది లండన్ సుంకాల పట్టిక. సామ్రాజ్య దేశాల మధ్య సుంకాల రాయితీలపై కుదిరిన 1932 ఒట్టావా ఒప్పందాలు ఈ ఏర్పాటుకు మరింత బలమిచ్చాయి. ఊరూరా ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు లేచాయి. చీరాల, గుంటూరు, ఒంగోలు ఆకు కొనుగోలు కేంద్రాలయ్యాయి.

స్వాతంత్ర్యానంతరం సోవియట్ యూనియన్ పెద్ద కొనుగోలుదారైంది. రూపాయి చెల్లింపుల ఒప్పందం కింద జరిగిన ఈ వ్యాపారంలో డాలర్ల బాధ లేదు. ధరల విషయంలో రైతును వ్యాపారి దయకు వదలకూడదన్న ఉద్దేశంతో పొగాకు బోర్డు 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పనిచేయడం మొదలుపెట్టింది. 1984లో కర్ణాటకలో, మరుసటి ఏడు ఆంధ్రలో వేలం పద్ధతి తెచ్చింది. బేలు బరువు, గ్రేడు, ధర రైతు కళ్లెదుటే తేలడం బోర్డు చేసిన మేలు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోవడంతో ఆ మార్కెట్ కుప్పకూలింది. నిల్వలు పేరుకుపోయి, 2000–01లో ఆంధ్రలో పంట విరామం ప్రకటించవలసి వచ్చింది. 2004లో భారత్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికను ఆమోదించింది. ఎగుమతులను ప్రోత్సహించే బోర్డు, వాడకాన్ని తగ్గించాలనే ఒడంబడిక రెండూ ఒకే ప్రభుత్వానివి.

మిరప, పత్తి

పోర్చుగీసుల ద్వారా వచ్చిన మిరప లాం పరిశోధన కేంద్రం విడుదల చేసిన రకాలతో, గుంటూరు మిర్చి యార్డుతో ఎగుమతి పంటగా ఎదిగింది. 1995లో ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థ సుంకాలకు హద్దులు పెట్టాక అసలు అడ్డంకి ప్రయోగశాలకు మారింది. 2003లో ఫ్రాన్సులో భారతీయ కారం సరుకులో ఆహారంలో వాడకూడని సుడాన్–1 రంగు బయటపడగానే యూరోపియన్ యూనియన్ పరీక్షా పత్రం తప్పనిసరి చేసింది. 2005లో బ్రిటన్‌లో ఇదే రంగు కారణంగా వందల ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకొన్నారు. కళ్లంలో తేమ ఆరని కాయకు పట్టే బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ మీదా కఠినమైన పరిమితులున్నాయి. గుంటూరు సన్నం మిరపకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇటీవలి సంవత్సరాల్లో తేజ రకానికి చైనా ముఖ్యమైన మార్కెట్. 2025 ఆరంభంలో ధరలు పడిపోగా కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు రూ.11,781 నిర్ణయించింది.

పత్తి 1970ల నుంచి సంకర రకాలతో తిరిగి విస్తరించింది. 1987–88లో తెల్లదోమ, అప్పులు ప్రకాశం, గుంటూరు రైతుల ఆత్మహత్యలకు కారణమయ్యాయి. 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 2012 మార్చిలో కేంద్రం పత్తి ఎగుమతులను హఠాత్తుగా నిషేధించి, నిరసనల మధ్య కొద్ది రోజులకే ఎత్తివేసింది. 2025 ఆగస్టులో భారత వస్త్రాల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, మిల్లులకు ఊరటగా పత్తి దిగుమతి మీది 11 శాతం సుంకాన్ని కేంద్రం ఆ ఏడాది డిసెంబరు 31 వరకు తొలగించింది. ఆ సీజనుకు పొడవుపింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110.