గూబ వాలిన ఇల్లు

1971 అక్టోబరు మొదటివారం. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చాడు. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నాకప్పుడు పదేళ్ళు. గోడకు అటువైపు బెంగాలీ కుటుంబం. ఆ ఇంటావిడను కాకీమా అని పిలిచేవాణ్ణి.

దసరా వెళ్ళిన నాలుగో రోజు సాయంత్రం, మా రెండిళ్ళకూ ఉమ్మడిగా ఉన్న చూరు మీద ఒక తెల్ల గూబ వచ్చి వాలింది.

"ఓలమ్మో, గూబ వాలీసింది. ఇక ఈ ఇంట్లో ఉండకూడదురా నాయినా" అని మా నాయనమ్మ గుండెలు బాదుకుంది. గోడకు అవతల కాకీమా శంఖం ఊదింది. మర్నాడు కోజాగరీ పున్నమి, లక్ష్మీపూజ. వాళ్ళ లక్ష్మికి వాహనం గూబే. పూజకు ఒక రోజు ముందే అమ్మవారు వాహనాన్ని పంపిందని ఆవిడ సంబరం.

మర్నాడు పొద్దున్న మా వరస పిల్లలం రాళ్ళు తీసుకున్నాం. ఎవరి రాయి తగిలిందో తెలియదు. నేనూ విసిరాను. పక్షి వెళ్ళి కాకీమా వాకిట్లో, బియ్యప్పిండితో ఆవిడ వేసిన లక్ష్మీపాదాల మీద పడింది. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. ప్రతి ఏడాదీ ఆ రాత్రి మా ఇంటికి వచ్చే కొబ్బరి లడ్డూలు మాత్రం ఆ ఏడు రాలేదు.

నాన్న పోయాక ఆయన జమాఖర్చుల పుస్తకం నా చేతికొచ్చింది. అందులో ఆ నెల పద్దు: "గూబ శాంతి – రూ. 42". అప్పు తెచ్చి చేశాడని పక్క పేజీ చెప్పింది. రక్షణ శాఖ ఖాతాల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన మనిషిని నేను. ఒకే వోచరును ఒక గుమాస్తా జమలోనూ ఇంకో గుమాస్తా ఖర్చులోనూ రాస్తే, ఇద్దరిలో ఒకరైనా తప్పు రాశారని అర్థం. ఇద్దరూ తప్పు రాసి ఉండొచ్చు కూడా. ఈ గూబ పద్దును ఇప్పటికైనా ఆడిట్ చేద్దామని ఈ వ్యాసం.

మనుషులు లేని జాతులను కల్పించి, వాటికి ఒళ్ళు, రాజ్యం, ఆచారాలు ఇవ్వడం కొత్తేమీ కాదు. మనకు రాక్షసులు, కిన్నెరలు, గంధర్వులు ఉంటే ఐరోపావాళ్ళకు ఎల్ఫులు ఉన్నారు. గూబల జాతీ మన దగ్గర పాతదే. పంచతంత్రంలో మూడో తంత్రం మొత్తం కాకులకూ గూబలకూ జరిగిన యుద్ధం. గూబల రాజు అరిమర్దనుడు. అతనికి కొలువు, మంత్రులు, గుహలో కోట అన్నీ ఉన్నాయి. కాకుల మంత్రి స్థిరజీవి శరణు కోరినట్టు నటించి గుహలో చేరతాడు. వీణ్ణి చంపెయ్యమని రక్తాక్షుడు అనే గూబ మంత్రి చెప్పినా రాజు వినడు. చివరికి స్థిరజీవి గుహ వాకిట పుల్లలు పేర్చి, పట్టపగలు నిప్పు పెట్టించి జాతినంతటినీ కాల్పిస్తాడు. దీన్ని మనం పిల్లలకు నీతికథగా చెప్పుకుంటాం!

ఈ కథ 6వ శతాబ్దంలో పహ్లవీలోకి, 8వ శతాబ్దంలో అరబ్బీలోకి, అక్కణ్ణించి ఐరోపాకు వెళ్ళింది. ఇందులో కొంత నిజమైన జీవశాస్త్రం ఉంది. పగలు గూబ కనిపిస్తే కాకులు నిజంగానే గుంపుగా చుట్టుముట్టి తరుముతాయి. రాత్రిపూట పెద్ద గూబలు కాకులను వేటాడతాయి. కానీ కథకు ప్రాణమైన అంశం, పగలు గూబకు కళ్ళు కనపడవన్నది, తప్పు. గూబలు పగలు కూడా బాగానే చూస్తాయి.

బెంగాలీలో ఇంకో గూబ ఉంది. 1907లో దక్షిణారంజన్ మిత్ర మజుందార్ వెలువరించిన 'ఠాకూర్‌మార్ ఝులి'కి ముందుమాట రాసింది రవీంద్రనాథ్ ఠాగూర్. అందులో ఒక రాణికి గూబ, మరో రాణికి కోతి పుడతాయి. వాటి పేర్లు భూతుం, బుద్ధూ. బిడ్డలు మనుషుల్లా లేరని తల్లులిద్దరినీ రాజు వెళ్ళగొడతాడు. చివరికి ఆ గూబ, ఆ కోతి సాహసాలు చేసి, అందమైన రాజకుమారులుగా తేలతారు. కాకీమా ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పిందో! విన్న చెవులతోనే వెళ్ళి రాయి విసిరాను.

ఇప్పుడు ఒంటి లెక్క చూద్దాం. తెల్ల గూబ పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, బరువు సుమారు 400 గ్రాములు. దాన్ని అయిదు రెట్లు పెంచితే మనిషంత అవుతుంది. అప్పుడు రెక్కల వైశాల్యం 25 రెట్లు, బరువు 125 రెట్లు, అంటే 50 కిలోలు. రెక్కలో ప్రతి అంగుళం మీదా అయిదింతల భారం. ఎగరడం కల్ల. జె.బి.ఎస్. హాల్డేన్ 1926లోనే ఈ లెక్క వేసి, దేవదూత ఎగరాలంటే రెక్కలాడించే కండరాల కోసం నాలుగడుగుల రొమ్ము ముందుకు పొడుచుకు రావాలని చమత్కరించాడు. 1957లో కలకత్తా వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయిన ఆ హాల్డేన్ తన దేహాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చాడు.

కల్పిత గూబ కంటే అసలు గూబే వింతైనది. దాని కళ్ళు గొట్టాల్లాంటివి, గూళ్ళలో కదలవు. అందుకే మెడలో మనకు 7 ఎముకలుంటే దానికి 14. తలను 270 డిగ్రీల దాకా తిప్పగలదు. గుండ్రటి ముఖం శబ్దాన్ని పట్టే పళ్ళెం. తెల్ల గూబకు ఒక చెవి ఎత్తులో, ఒకటి పల్లంలో ఉంటాయి. అందువల్ల చీకట్లో ఎలుక ఎక్కడుందో వినికిడితోనే పసిగడుతుంది. ఈకల అంచులకు కుచ్చులుండటం వల్ల ఎగిరితే చప్పుడు రాదు. మనిషి ముఖంలాంటి ముఖం, తెల్లటి ఒళ్ళు, చప్పుడు లేని రాక, పైగా కీచుమనే అరుపు. భయపడ్డారంటే ఆశ్చర్యమేముంది?

మరి అశుభం మాటో? గూబ పాడుబడ్డ ఇళ్ళలో, గోడ తొర్రల్లో కాపురముంటుంది. ఇల్లు పాడైంది గనక గూబ వచ్చింది. మనవాళ్ళు దీన్ని తిరగేసి, గూబ వచ్చింది గనక ఇల్లు పాడైందన్నారు. బెంగాల్లో చూపు గాదె మీద పడింది. గూబ ఎలుకలను తింటే ధాన్యం మిగులుతుంది. ధాన్యమే లక్ష్మి కనుక గూబ లక్ష్మి వాహనమైంది. ఇద్దరూ చూసింది నిజమే, ముడిపెట్టింది తప్పు.

కాకీమా నమ్మకం పక్షికి మేలే కదా అంటారా? నేనూ అలాగే అనుకున్నాను. కానీ లక్ష్మి వాహనాన్ని దీపావళి రాత్రి బలిస్తే ధనం వస్తుందనే మూఢులూ ఉన్నారు. 2010లో ట్రాఫిక్ ఇండియా సంస్థ దేశంలో గూబల అక్రమ వ్యాపారంపై నివేదిక తెచ్చింది. క్షుద్రపూజలకే చాలా గూబలు పోతున్నాయనీ, దీపావళికి గిరాకీ పెరుగుతుందనీ అది చెప్పింది. హ్యారీ పాటర్ పుణ్యమా అని పిల్లలకు గూబలను కానుకగా ఇవ్వాలనే మోజు కూడా పెరిగిందని ఆనాటి కేంద్రమంత్రి జైరామ్ రమేశ్ వాపోయారు. శుభమన్నా చావే, అశుభమన్నా చావే.

పక్షితో ఆగితే ఇంత రాయను. టోల్కీన్ 1954-55లో రాసిన ఎల్ఫులు అందగాళ్ళు, మంచివాళ్ళు. వాళ్ళకు ముందు ఐరోపా పల్లెల్లో నమ్మిన అద్భుత జాతి వేరు. వాళ్ళు ఇంటి మనిషిని ఎత్తుకుపోయి, అదే రూపంలో తమ మనిషిని వదిలిపోతారట. ఐర్లండ్‌లో 1895లో బ్రిజెట్ క్లియరీ అనే యువతి జబ్బుపడితే, ఈమె నా భార్య కాదు, ఆ జాతి మనిషంటూ భర్త ఆమెను తగలబెట్టాడు. మన దగ్గర చేతబడి, బాణామతి నెపాలు ఉన్నాయి. మా ఊరికి పడమటనున్న జార్ఖండ్‌లో ఒంటరి ఆడవాళ్ళను డాయన్ అని చంపుతుంటే, బీహార్ 1999లో చేసిన చట్టాన్ని ఆ రాష్ట్రం 2001లో తానూ తెచ్చుకోవలసి వచ్చింది. లేని జాతికి ఒళ్ళు కల్పిస్తే, దెబ్బలు తినడానికి ఉన్న ఒళ్ళు ఒకటి కావలసి వస్తుంది.

కథలు మానెయ్యమని నేననను. భూతుం కథ మా మనవరాలికి నేనే చెబుతాను. కథయ్యాక, గూబ తల ఎందుకు అంత తిప్పుతుందో కూడా చెబుతాను. అది అశుభమూ కాదు, లక్ష్మీ కాదు, ఎలుకలను తినే ఒక పక్షి అంటాను. రాయి సంగతి కూడా దాచను.

గూబలను చంపడం నేరమన్న వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో, నేను రాయి విసిరిన మరుసటి ఏడాది వచ్చింది. నాన్న పుస్తకంలో ఆ 42 రూపాయల పద్దు కింద ఈమధ్య ఎర్ర సిరాతో ఒక మాట రాశాను: "ఈ ఖర్చుకు ఆధారం లేదు."