సినిమా రాకముందే వచ్చిన కామిక్

1977 మే 25న అమెరికాలో ‘స్టార్ వార్స్’ సినిమా విడుదలైంది. దాని కామిక్ మొదటి సంచిక మాత్రం అంతకు ముందే, ఏప్రిల్‌లోనే కొట్లలోకి వచ్చేసింది. వెల 30 సెంట్లు. బాగా ఆడిన సినిమాకి బొమ్మల పుస్తకం వేస్తారని తెలుసు గానీ, ఎవరూ చూడని సినిమాకి ముందే వేయడం ఏంటని నాకు ఆశ్చర్యమేసింది. బెంగళూరులో చదివే మా పెద్దమ్మ కొడుకు ఆ పాత కామిక్స్ సంపుటం ఒకటి తెచ్చిచ్చాడు. అప్పటి నుంచి దీని సంగతులు వెతుకుతున్నాను.

కథ తెలియని పెద్దవాళ్ల కోసం రెండు మాటలు. ఎక్కడో దూరపు నక్షత్రాల లోకంలో ఒక దుర్మార్గపు సామ్రాజ్యం. దాని మీద తిరగబడేవాళ్లలో లూక్ అనే కుర్రాడు, లేయా అనే రాకుమారి, హాన్ సోలో అనే దొంగసరుకు రవాణా చేసే మనిషి ముఖ్యులు. నల్ల ముసుగు డార్త్ వేడర్ వాళ్ల శత్రువు.

దర్శకుడు జార్జ్ లూకస్ తరఫున ప్రచారం చూసే చార్లెస్ లిపిన్‌కాట్ మార్వెల్ కంపెనీని అడిగితే స్టాన్ లీ మొదట ఆసక్తి చూపలేదు. చివరికి రచయిత రాయ్ థామస్ పూనుకున్నాక పని కుదిరింది. ఒప్పందం ఏంటంటే, మొదటి లక్ష కాపీల మీద లూకస్ వాళ్లకు ఏమీ ఇవ్వక్కర్లేదు. లక్ష దాటుతుందని ఎవరు అనుకున్నారు? మళ్లీ మళ్లీ అచ్చువేసినవి కలిపితే మొదటి సంచిక పది లక్షలు దాటింది. అప్పట్లో కష్టాల్లో ఉన్న మార్వెల్‌ను ఈ కామిక్కే నిలబెట్టిందని, తర్వాత అక్కడ ప్రధాన సంపాదకుడైన జిమ్ షూటర్ చెప్పాడు.

మొదటి ఆరు సంచికల్లో సినిమా కథే. హోవర్డ్ చేకిన్ బొమ్మలు గీశాడు. అసలు తమాషా ఏడో సంచిక నుంచి మొదలవుతుంది. సినిమా కథ అయిపోయింది, రెండో సినిమా 1980 దాకా రాదు, కామిక్ మాత్రం నెలనెలా రావాలి. మరి ఏం రాయాలి? ఒక పల్లెను కాపాడటానికి హాన్ సోలో మనుషుల్ని పోగేసే కథ రాశారు. జపాన్ దర్శకుడు కురొసావా తీసిన ‘సెవెన్ సమురాయ్’ గుర్తొచ్చే కథ అది. ఆ గుంపులో జాక్సన్ అనే ఆకుపచ్చ కుందేలు ఒకడు, మనిషంత ఎత్తు! లూకస్ వైపు వాళ్లకు ఆ కుందేలు అస్సలు నచ్చలేదు. నాకైతే వాడే ఇష్టం.

తర్వాత సినిమాలో ఏముంటుందో కామిక్ రాసేవాళ్లకు సరిగ్గా తెలియదు. అందుకే జబ్బా అనే దొంగల నాయకుణ్ణి మీసాలున్న, రెండు కాళ్ల మీద నిలబడే జీవిగా గీశారు. 1983 సినిమాలో చూస్తే వాడు పాకే పెద్ద జలగలా ఉన్నాడు. 1980 సినిమా చివర హాన్ సోలోను గడ్డకట్టించేస్తారు. దాంతో మూడేళ్లు కామిక్‌లో అంత ముఖ్యమైన మనిషి లేకుండానే కథలు నడపాల్సి వచ్చింది. చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టు. అయినా 1986 దాకా 107 సంచికలు తెచ్చారు.

1991లో డార్క్ హార్స్ అనే ఇంకో కంపెనీ అందుకుంది. వాళ్ల ‘డార్క్ ఎంపైర్’లో, సినిమాలో చచ్చిపోయిన చక్రవర్తి కొత్త శరీరంతో తిరిగొస్తాడు. వాళ్ల కామిక్‌లోనే పుట్టిన ఐలా సెక్యూరా అనే నీలిరంగు వీరవనిత బొమ్మ లూకస్‌కు నచ్చి, ఆమెను 2002 సినిమాలో పెట్టాడు. అంటే కామిక్ కూడా సినిమాకి అప్పు ఇచ్చింది.

2012లో డిస్నీ లూకస్ కంపెనీని కొనేసింది. 2014లో ఒక ప్రకటన వచ్చింది: సినిమాలు, కొన్ని టీవీ కథలు మాత్రమే అసలు కథ, పాత కామిక్స్, నవలలు అన్నీ ‘లెజెండ్స్’. అంటే ఉత్త గాథలన్నమాట. కొత్త సినిమాలు తీసేవాళ్లకు వేల పేజీల పాత కథ అడ్డమే, అది నాకు అర్థమవుతుంది. కానీ 37 ఏళ్లు చిల్లర కూడబెట్టి కొని చదివినవాళ్ల సంగతేంటి? వాళ్లు చదివింది జరగలేదని ఒక కంపెనీ ఎలా చెప్తుంది?

ఈ మాట మా అవ్వతో అంటే నవ్వింది. శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు కదా, అయినా ‘మాయాబజార్’ చూడటం ఎవరైనా మానేశారా అంది. ఊర్మిళాదేవి నిద్ర పాట కూడా వాల్మీకి రామాయణంలోది కాదట. అవ్వ మాత్రం దాన్ని మొత్తం పాడుతుంది. తేడా ఒక్కటే, శశిరేఖను తీసేస్తున్నామని ప్రకటించే హక్కు ఎవరి దగ్గరా లేదు. స్టార్ వార్స్‌కు ఆ హక్కు కాగితం మీద ఉంది.

కాగితం మీద ఉన్నా పూర్తిగా సాగలేదు. 2019 సినిమాలో చచ్చిపోయిన చక్రవర్తి మళ్లీ బతికొచ్చాడు, పక్కన పెట్టేసిన ‘డార్క్ ఎంపైర్’లో వచ్చినట్టే. అదే ఏడాది మార్వెల్, 1986లో ఆపేసిన పాత వరుసకి 33 ఏళ్ల తర్వాత 108వ సంచిక అచ్చువేసింది. అందులో ఆకుపచ్చ కుందేలు కూడా ఉన్నాడు.